జాజ్ బేసిస్టు హెన్రీ గ్రైమ్స్ మాయమైన కథ సరే, ఆయన బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం) గురించి ఎవరైనా చెప్తారా?

సైడ్‌బీ

ఈ మధ్య జాజ్ సాక్సోఫోనిస్టు ఫరోవా సాండర్స్ ‘తౌహీద్’ ఆల్బమ్ పట్టుకుని వదలడం లేదు. మొదటి సైడ్ మొత్తం ఒకటే పీసు, ‘అప్పర్ ఈజిప్ట్ అండ్ లోయర్ ఈజిప్ట్’, పదహారు నిమిషాల పైమాటే. మొదట్లో చాలాసేపు గంటలు, డ్రమ్ముల ఉరుములు, మధ్యలో పికలో (చిన్న ఫ్లూట్), ఎటు పోతోందో ఏమీ అర్థం కాదు. తర్వాతెప్పుడో బేస్ ఒక చిన్న వరస అందుకుంటుంది, దాన్నే తిప్పి తిప్పి వాయిస్తుంది, అప్పటిదాకా ఎవరి దారిన వాళ్లు ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి దాని మీద కాలు మోపుతారు. ఫరోవా టెనర్ సాక్సోఫోన్ వినపడేది చివరి నిమిషాల్లోనే. అంటే ఆ పీసుని మోసింది బేస్. ఎవరిదా అని చూస్తే హెన్రీ గ్రైమ్స్.

సరే చదువుదామని వెతికితే ఎక్కడ చూసినా ఒకటే కథ. ముప్పై ఏళ్లు కనపడకుండా పోయాడు, చనిపోయాడనుకున్నారు, లాస్ ఏంజిలస్‌లో దొరికాడు, ఒకాయన బేస్ పంపాడు, మళ్లీ వేదికెక్కాడు. కథ గొప్పదే, కాదనను. కానీ ఆయన ఎలా వాయించేవాడు అన్నది మాత్రం రెండు వాక్యాలు దాటి ఎవరూ రాయడం లేదు. ‘దృఢమైన, లోతైన నాదం’ అని రాసేసి మళ్లీ కథలోకి వెళ్లిపోతారు.

తన పేరు మీద వచ్చిన ఆల్బమ్ కదా అని ‘ది కాల్’ పెట్టాను. క్లారినెట్ బాగుంది, డ్రమ్స్ బాగున్నాయి, బేస్ మాత్రం దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు ఉంది. ఇది నా హెడ్‌ఫోన్స్ గోలా, రికార్డింగే అంతా, లేక ఆయన వాయింపే అలా ఉంటుందా?

ఒకటి, ఎక్కడ మొదలుపెట్టాలి? రెండోది, 2003 తర్వాత వచ్చినవి నిజంగా వినదగ్గవేనా, లేక పాపం పెద్దాయన అని మెచ్చుకుంటున్నారా? మొహమాటం లేకుండా చెప్పండి.

లయభ్రమ

రికార్డింగే అంత. కొత్త హెడ్‌ఫోన్స్ కొనకండి, దండగ.

తేదీలు చూస్తే తమాషాగా ఉంటుంది. డాన్ చెర్రీ ‘కంప్లీట్ కమ్యూనియన్’ 1965 డిసెంబర్ 24న పేరున్న రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ కోసం చేశారు. ‘ది కాల్’ అదే నెల 28న, ఈఎస్‌పీ-డిస్క్ అనే ఇంకో కంపెనీ కోసం. నాలుగు రోజుల తేడా, వాయించిన మనిషి ఒక్కడే. రెండూ వెంటవెంటనే పెట్టి వినండి. మొదటిదాంట్లో తీగ మీద వేలు పడిన చప్పుడు, ఆ తర్వాత చెక్క మోగడం విడివిడిగా తెలుస్తాయి. రెండోదాంట్లో రెండూ కలిసిపోయి ఒక ముద్ద అవుతాయి. కాబట్టి ఆయన వాయింపు ఎలా ఉండేదో ముందు చెర్రీ రికార్డులో తెలుసుకుని, ఆ చెవితో ‘ది కాల్’కి వస్తే ఆ ముద్దలోంచి కూడా ఏం చేస్తున్నాడో పట్టుకోవచ్చు. బేస్ కంట్రోల్ పెంచకండి, ఇంకా బురద అవుతుంది. మధ్య ఫ్రీక్వెన్సీలు కాస్త పెంచండి, వేళ్లు వినపడతాయి.

‘కంప్లీట్ కమ్యూనియన్’ ఎందుకు ముందు అంటే అక్కడ నలుగురే. చెర్రీ కార్నెట్ (చిన్న ట్రంపెట్ లాంటిది), గాటో బార్బియేరి టెనర్ సాక్సోఫోన్, ఎడ్ బ్లాక్‌వెల్ డ్రమ్స్, గ్రైమ్స్. పియానో లేదు, గిటార్ లేదు, అంటే స్వరాలకి ఆధారం చూపించే బాధ్యత మొత్తం బేస్ మీదే. పైగా ఒక్కో సైడూ ఆగకుండా సాగే సూట్, అంటే ట్యూన్ల మాలిక. చెర్రీ ఉన్నట్టుండి ఒక ట్యూన్‌లోంచి ఇంకో ట్యూన్‌లోకి దూకేస్తాడు, కొన్నిసార్లు మధ్యలో పాత ట్యూన్ ముక్క ఒకటి విసిరి పోతాడు. ఆ మలుపుల దగ్గర బేస్‌ని వినండి. గ్రైమ్స్ ఆయన వెనక పరిగెత్తడు. కొన్ని చోట్ల పాత నడకనే ఇంకో రెండు మూడు బార్లు పట్టుకుని ఉంటాడు, బ్లాక్‌వెల్ ఏం చేస్తాడో చూసి అప్పుడు వదుల్తాడు. దాంతో అతుకు కనపడదు. మొదటిసారి వింటే అంతా చెర్రీ ఘనత అనిపిస్తుంది. రెండోసారి బేస్ ఒక్కటే పట్టుకుని వింటే అసలు కుట్టింది ఎవరో తెలుస్తుంది.

అదే చెర్రీతో 1966లో ఇంకో రెండు చేశాడు, ‘సింఫనీ ఫర్ ఇంప్రొవైజర్స్’, ‘వేర్ ఈజ్ బ్రూక్లిన్?’. రెండోదాంట్లో గాటో బదులు ఫరోవా ఉన్నాడు కాబట్టి మీకు అది తేలిగ్గా ఎక్కుతుంది. నాకైతే మూడింట్లో మొదటిదే మిన్న.

రెండోసెట్

లయభ్రమ గారితో ఒప్పుకోను. చెర్రీ కంటే ముందు సాక్సోఫోనిస్టు సన్నీ రోలిన్స్‌ని వినాలి.

అవాంట్‌గార్డ్ (ప్రయోగాల) బేసిస్టు అనగానే అందరూ 1964 నుంచి లెక్కపెడతారు. అప్పటికే ఆయన ఏడేళ్లుగా పెద్దవాళ్ల దగ్గర పనిచేస్తున్నాడు! 1957లోనే జెరీ మలిగన్, చెట్ బేకర్ మళ్లీ కలిసి చేసిన రికార్డులో ఆయనే బేస్. అదే ఏడాది లీ కోనిట్జ్ ‘ట్రాంక్విలిటీ’లోనూ ఆయనే. 1958 న్యూపోర్ట్ ఫెస్టివల్‌కి వచ్చేసరికి ఇరవై రెండేళ్లు, ఆ ఒక్క ఫెస్టివల్లోనే స్వింగ్ బ్యాండ్ల బెన్నీ గుడ్‌మన్‌తో, పియానిస్టు థెలోనియస్ మంక్‌తో, రోలిన్స్‌తో, కోనిట్జ్‌తో, టోనీ స్కాట్‌తో వాయించాడు. ఈ పేర్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. గుడ్‌మన్‌కి నచ్చేది మంక్‌కి నచ్చదు, మంక్ అడిగేది కోనిట్జ్ అడగడు. అందరూ ఒకే కుర్రాడిని పిలిచారంటే ఆ చేతిలో ఏదో ఉంది.

1959 మార్చిలో సన్నీ రోలిన్స్ ట్రియో యూరప్ వెళ్లింది. సాక్సోఫోన్, బేస్, డ్రమ్స్, అంతే. డ్రమ్మర్లు మారారు, పీట్ లా రోకా, జో హారిస్, కెన్నీ క్లార్క్. బేస్ మాత్రం గ్రైమ్సే. ఆ రేడియో, కచేరీ రికార్డింగులు ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా తిరిగాయి, 2024లో ‘ఫ్రీడమ్ వీవర్’ అనే సెట్‌గా ఒకచోట వచ్చాయి. రోలిన్స్ పాటని ఎటు ఈడ్చుకుపోయినా, కావాలని తాళం వెనక్కి లాగినా, ఒకే ముక్కని పదిసార్లు తిరగేసి ఏడిపించినా, ఈయన నడక చెదరదు. అలాగని మెట్రోనోమ్ కూడా కాదు. రోలిన్స్ ఊపిరి తీసుకునే ఖాళీలో పై తీగ మీద ఒక చిన్న జవాబు వేసి, మళ్లీ దిగివచ్చేస్తాడు. మీరు ‘తౌహీద్’లో విన్న ఆ చిన్న వరస ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇక్కడి నుంచే. ఒక మాటని పదిసార్లు చెప్పినా విసుగు పుట్టకుండా చెప్పడం.

1962లో రాయ్ హేన్స్ ‘అవుట్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’, మెక్‌కాయ్ టైనర్ ‘రీచింగ్ ఫోర్త్’ కూడా ఉన్నాయి. ఇవి ఫ్రీ జాజ్ (తాళం, స్వరాల కట్టుబాట్లు వదిలేసే జాజ్) కాదు, ఇంట్లో ఎవరూ తిట్టరు. సౌండ్ కూడా శుభ్రంగా ఉంటుంది.

లయభ్రమ

@రెండోసెట్, రోలిన్స్ ట్రియో గొప్పదే, కానీ ఆయన ఫరోవా విని వచ్చారండీ. 1959కి పంపిస్తే ‘ఇది మామూలు జాజే కదా’ అని వెళ్లిపోతారు.

రెండోసెట్

వెళ్లిపోతే పోనివ్వండి, బేస్ వినాలని అడిగింది ఆయనే.

మంద్రం

మీ ఇద్దరూ పక్కనపెట్టిన విషయం ఒకటుంది, రెండు బేసులు.

1964 నుంచి 66 దాకా గ్రైమ్స్ ఉన్న ముఖ్యమైన రికార్డుల్లో సగానికి దగ్గర దగ్గర రెండో బేసిస్టు కూడా ఉంటాడు. సాక్సోఫోనిస్టు ఆల్బర్ట్ ఐలర్ ‘స్పిరిట్స్’లో ఎర్ల్ హెండర్సన్, ‘స్పిరిట్స్ రిజాయిస్’లో గ్యారీ పీకాక్, పియానిస్టు సెసిల్ టేలర్ ‘యూనిట్ స్ట్రక్చర్స్’, ‘కాంకిస్టడోర్’ రెండింట్లోనూ అలాన్ సిల్వా. కొత్తగా వినేవాళ్లకి గ్రైమ్స్ దొరకకపోవడానికి ఇదో కారణం. ఏది ఎవరిదో తెలీదు, అంతా ఒకటే హోరు.

టేలర్ రికార్డుల్లో ఒక చిట్కా ఉంది. సిల్వా ఎక్కువగా కమానుతో, పై స్థాయిలో, దాదాపు వయొలిన్ ఎత్తులో ఉంటాడు. గ్రైమ్స్ ఎక్కువగా కింద, మీటుతూ. కాబట్టి సన్నగా కీచుమంటున్నది విని అది గ్రైమ్స్ అనుకోకండి, కిందికి దిగండి. ‘కాంకిస్టడోర్’ (1966 అక్టోబర్, సైడ్‌కి ఒక పీసు) దీనికి బాగుంటుంది, ఎందుకంటే ‘యూనిట్ స్ట్రక్చర్స్’ కంటే అక్కడ గాలి ఎక్కువ ఆడుతుంది, బిల్ డిక్సన్ ట్రంపెట్ చాలా తక్కువ వాయించి చోటు వదుల్తాడు. ‘యూనిట్ స్ట్రక్చర్స్’లో అయితే ‘టేల్స్ (8 విస్ప్స్)’ పట్టుకోండి, అందులో ఊదే వాయిద్యాలు లేవు.

టేలర్ పియానో గురించి ఒక మాట. ఆయన ఎడమ చెయ్యే ఒక డ్రమ్ సెట్ అంత పని చేస్తుంది, కింది స్వరాలన్నీ ఆయనే తినేస్తాడు. మామూలు బేసిస్టు ఆ చెయ్యి పక్కన నిలబడితే రెండు నిమిషాల్లో వినపడడు. గ్రైమ్స్ ఏం చేశాడంటే, పియానోతో పోటీగా వేగం పెంచలేదు. పొడుగు స్వరాలు, మధ్యలో హఠాత్తుగా నాలుగు గట్టి మీటులు, మళ్లీ ఆపడం. టేలర్ వేగాన్ని పట్టించుకోకుండా తన సొంత వేగంలో ఉండటం. ఆండ్రూ సిరిల్ సింబల్స్ పైన మెరుస్తూ ఉంటాయి, కింద ఈయన దిమ్మలా నిలబడతాడు. రెండు వేగాలు ఒకేసారి నడుస్తాయి, అదే ఆ బ్యాండ్‌కి అంత లోతు ఇచ్చింది అని నా గట్టి అభిప్రాయం.

ఐలర్‌తో వ్యవహారం వేరు. ‘స్పిరిట్స్ రిజాయిస్’ 1965 సెప్టెంబర్‌లో న్యూయార్క్ జడ్సన్ హాల్‌లో చేశారు. ఆ హాలు గోడల మోతలో ట్యూన్లు ఊరేగింపు బ్యాండ్‌లా (ఫ్రెంచ్ జాతీయగీతం ముక్క కూడా వినపడుతుంది) పేలుతూ ఉంటాయి. సన్నీ ముర్రే డ్రమ్స్‌లో తాళం అనేది అసలు ఉండదు, అల ఒకటే ఉంటుంది. బేసులు వేసేది నడక కాదు, నేల. ఇక్కడ కమాను గ్రైమ్స్ చేతిలో కూడా ఉంటుంది. న్యూయార్క్ సంగీత విద్యాలయం జూలియార్డ్‌లో చదువుకున్న మనిషి, చిన్నప్పుడు మొదలెట్టింది వయొలిన్‌తో. కమాను మీద ఆ పట్టు ఊరికే రాలేదు.

మీకు ఐలర్ అంటే భయమైతే, 1964 ఫిబ్రవరి 24న ‘స్పిరిట్స్’ చేసిన రోజే ఇంకో సెషన్ కూడా చేశారు, పాత నీగ్రో స్పిరిచువల్స్ (అమెరికా నల్లజాతివాళ్ల భక్తిగీతాలు), దాదాపు ఉన్నదున్నట్టు. కాల్ కాబ్స్ పియానో, గ్రైమ్స్, ముర్రే. చాలా ఏళ్ల తర్వాత గానీ బయటికి రాలేదు, ‘స్వింగ్ లో స్వీట్ స్పిరిచువల్’, ‘గోయిన్ హోమ్’ అనే పేర్లతో దొరుకుతుంది. ఐలర్ ట్యూన్ దాటడు. గ్రైమ్స్ ఒక్కో స్వరం ఎంతసేపు నిలబెడతాడో, ఎక్కడ వదుల్తాడో చక్కగా వినొచ్చు.

సైడ్‌బీ

అందరికీ థాంక్స్. ‘కంప్లీట్ కమ్యూనియన్’, ‘కాంకిస్టడోర్’ విన్నాను. రోలిన్స్ వారాంతంలో, @రెండోసెట్ గారు కోప్పడకండి.

‘కంప్లీట్ కమ్యూనియన్’ విషయంలో లయభ్రమ గారు చెప్పింది అక్షరాలా నిజం. ట్యూన్ మారే చోట బేస్ ఒక అర నిమిషం పాతదాన్ని పట్టుకుని ఉండటం నాకు కూడా దొరికింది, ఒకచోట చెర్రీ అప్పటికే ముందుకు వెళ్లిపోయాడు, ఈయన ఇంకా వెనకే, అయినా తప్పుగా అనిపించదు. ‘కాంకిస్టడోర్’లో మాత్రం మొదటి పది నిమిషాలు సిల్వాని గ్రైమ్స్ అనుకుంటూనే విన్నట్టున్నాను. కిందికి దిగాక బాగుంది.

కథ వద్దన్నాను గానీ ఇప్పుడు ఇంత విన్నాక అడగకుండా ఉండలేకపోతున్నా. 1966లో ఇన్ని రికార్డుల్లో ఉన్న మనిషి ఒక్కసారిగా ఎందుకు ఆపేశాడు? గొడవలా, మత్తా, ఇంకేమైనానా?

పాతటేపులు

ఊరికే ఊహలు చేయకండి, కారణం చాలా మామూలుది. బేస్ విరిగింది, బాగుచేయించడానికి డబ్బు లేదు.

అరవైల చివర్లో ఆయన న్యూయార్క్ వదిలి కారులో కాలిఫోర్నియా వెళ్లాడు. బేస్ కారు పైన కట్టారు. ఎడారి ఎండకి చెక్క పగిలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గాయకుడు జాన్ హెండ్రిక్స్‌తో కొంతకాలం పనిచేశాడు, తర్వాత లాస్ ఏంజిలస్ చేరాడు. బాగుచేసే స్తోమత లేక ఆ బేస్‌ని అక్కడ ఒక వయొలిన్ తయారీదారుకి కొద్ది డబ్బుకి అమ్మేశాడు. అక్కడితో సంగీతం అయిపోయింది. ఆరోగ్యం కూడా అంతంత మాత్రం. తర్వాత ముప్పై ఏళ్లు కూలి పనులు, ఊడ్చే పనులు, ఒక చిన్న గది. ఆ గదిలో కవిత్వం రాసుకుంటూ ఉన్నాడు. జాజ్ ప్రపంచం ఆయన చనిపోయాడనే తీర్మానించేసింది, అచ్చులో కూడా అలాగే రాశారు.

2002లో జార్జియాకు చెందిన ఒక సోషల్ వర్కర్, జాజ్ అభిమాని, పట్టుబట్టి వెతికి ఆయన్ని కనిపెట్టాడు. ఐలర్ చనిపోయాడన్న సంగతి కూడా అప్పటిదాకా గ్రైమ్స్‌కి తెలియదు, ఐలర్ పోయింది 1970లో. బేసిస్టు విలియం పార్కర్ న్యూయార్క్ నుంచి ఒక బేస్ పంపించాడు, ఆకుపచ్చ రంగులో ఉంటుందని దానికి ‘ఆలివ్ ఆయిల్’ అని పేరు. 2003 మే నెల విజన్ ఫెస్టివల్ అనే జాజ్ ఉత్సవానికి గ్రైమ్స్ న్యూయార్క్ వచ్చి వాయించాడు. మధ్యలో గడిచింది కొద్ది నెలలు.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, దీన్ని అద్భుతం, మిస్టరీ అని రాస్తారు. మిస్టరీ ఏముంది? 1966లో బ్లూ నోట్, ఇంపల్స్, ఈఎస్‌పీ లాంటి రికార్డు కంపెనీలకి వాయించిన మనిషి దగ్గర రెండేళ్లకి వాయిద్యం రిపేరుకి డబ్బు లేదు. అప్పటి ఫ్రీ జాజ్‌లో నాయకులకే గిట్టుబాటు కాలేదు, పక్కన వాయించే బేసిస్టు సంగతి చెప్పక్కర్లేదు. ఆ పదేళ్లలో సొంత పేరు మీద ఉన్నది ‘ది కాల్’ ఒక్కటే. రికార్డు కవర్ మీద పేరు లేనివాడు కనపడకపోతే ఎవరూ వెతకరు.

మంద్రం

@పాతటేపులు, డబ్బు మాట ఒప్పుకుంటాను. కానీ డబ్బు ఒక్కటే అయితే బేస్ అప్పు ఇచ్చేవాళ్లు లేకపోయారా లాస్ ఏంజిలస్‌లో? ఆయన ఎవరినీ అడగలేదు కూడా. అది ఆయన స్వభావం, చాలా తక్కువ మాట్లాడే మనిషి. అన్నీ డబ్బు మీదకి తోసేస్తే అదీ సగం కథే అవుతుంది.

పాతటేపులు

అడగలేదు, నిజమే. అడగనివాడికి దొరక్కపోవడం కూడా ఆ వ్యవస్థ తప్పే కదా. సరే, ఇది తెగదు, వదిలేద్దాం.

నిద్రలేనిచెవి

రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. 2003 తర్వాతివి నా దగ్గర చాలా ఉన్నాయి.

ముందు వినాల్సింది గిటారిస్టు మార్క్ రిబో ట్రియో ‘లైవ్ ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’. 2012లో వాయించారు, 2014లో వచ్చింది. గిటార్, బేస్, చాడ్ టేలర్ డ్రమ్స్. వాన్‌గార్డ్ న్యూయార్క్‌లో పేరున్న జాజ్ క్లబ్బు, గ్రైమ్స్ అక్కడ అంతకు ముందు వాయించింది 1966లో, ఐలర్ బ్యాండ్‌తో. ఈ రికార్డులో ఐలర్ ట్యూన్లు ఉన్నాయి, సాక్సోఫోనిస్టు జాన్ కోల్ట్రేన్‌వీ ఉన్నాయి, పాత పాప్యులర్ పాటలు కూడా. మధ్యలో ముప్పై ఏళ్లు వాయిద్యం ముట్టని, డెబ్బై ఆరేళ్ల మనిషి అన్న సంగతి చెప్పకుండా ఎవరికైనా వినిపించి చూడండి, జాలి అన్న మాటే రాదు. రిబో గిటార్ మంట పెడుతుంటే ఈయన ఆ మంటలోకి దిగడు, కింద తన పని తను చేసుకుంటూ ఉంటాడు, అరవైల్లో సెసిల్ టేలర్‌తో చేసిందే. ఇదే రిబో, చాడ్ టేలర్, ట్రంపెటర్ రాయ్ క్యాంప్‌బెల్‌తో 2005లో వచ్చిన ‘స్పిరిచువల్ యూనిటీ’ కూడా బాగుంటుంది, అది పూర్తిగా ఐలర్‌కే.

రషీద్ అలీతో ఇద్దరే చేసినవి రెండున్నాయి, ‘గోయింగ్ టు ది రిచువల్’, ‘స్పిరిట్స్ అలాఫ్ట్’. కోల్ట్రేన్ ఆఖరి రోజుల డ్రమ్మర్ అలీ. 2009లో పోయాడు. వీటిలో బేస్ ధ్వని చాలా దగ్గరగా ఉంటుంది, ఇద్దరే కాబట్టి కమాను తీగ మీద రాపిడి, దాని గరుకు కూడా పడింది. సాక్సోఫోనిస్టు డేవిడ్ ముర్రే, డ్రమ్మర్ హమీద్ డ్రేక్‌తో ఫిన్‌లాండ్ కెరావా ఫెస్టివల్ రికార్డు ఉత్సాహంగా ఉంటుంది గానీ అక్కడ ముర్రే వాటా ఎక్కువ.

మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి, ‘సోలో’ అనే రెండు డిస్కుల సెట్ నాకు కష్టమైంది. బేస్, వయొలిన్ మార్చి మార్చి రెండు గంటలకు పైనే ఆపకుండా వాయిస్తాడు. బేస్ భాగాల్లో అద్భుతమైన చోట్లున్నాయి. వయొలిన్ భాగాలు మాత్రం నాకు ఎక్కలేదు, శ్రుతి ఎటో పోతుంది, ఒకే రకం గీతలు మళ్లీ మళ్లీ గీస్తున్నట్టు ఉంటుంది. ఆయన పేరు చూసి చాలామంది మెచ్చుకున్నారు, ఇదే ఎవరో కొత్తవాడు చేస్తే అంత ఓపిక పట్టేవారా అని నా అనుమానం.

మంద్రం

వయొలిన్ మీద మీ మాటతో విభేదిస్తాను. ఆయన మొదటి వాయిద్యం అదే. శ్రుతి పోతోంది అంటున్నారే, ఐలర్ దగ్గర నేర్చుకున్నది అదే కదా, స్వరం మధ్యలో ఆగకుండా దాని చుట్టూ తిరగడం. రెండు గంటలు ఏకబిగిన వినాలని ఎవరన్నారు? పావుగంట చొప్పున వినండి.

నిద్రలేనిచెవి

పావుగంట చొప్పునే విన్నానండీ. ఐలర్ స్వరం చుట్టూ తిరిగినా ఎక్కడికి వస్తున్నాడో తెలుస్తుంది. ఇక్కడ నాకు అది తెలియలేదు. బేస్ మీద తెలుస్తుంది, వయొలిన్ మీద తెలియదు. అంతే తేడా.

రెండోసెట్

ఈ వాదనలో నేను నిద్రలేనిచెవి వైపు. అదీగాక ఆయన రెండో ఇన్నింగ్స్‌ని పొగడటానికి ‘సోలో’ అవసరమే లేదు, వాన్‌గార్డ్ ఒక్కటి చాలు.

ఎవరూ అనలేదు కాబట్టి ఒకటి చెప్తాను. గ్రైమ్స్ 2020 ఏప్రిల్ 15న కోవిడ్‌తో పోయాడు, ఎనభై నాలుగేళ్లు. అదే రోజు అదే జబ్బుతో లీ కోనిట్జ్ కూడా పోయాడు, పైన నేను చెప్పిన ‘ట్రాంక్విలిటీ’ లీ కోనిట్జే. రెండు రోజులకి సాక్సోఫోనిస్టు జుసెప్పీ లోగన్. లోగన్ కూడా గ్రైమ్స్ లాగే ఫిలడెల్ఫియా, 1935లోనే పుట్టాడు, అరవైల్లో ఈఎస్‌పీకి రికార్డు చేసి దశాబ్దాల పాటు కనపడకుండా పోయి, మళ్లీ న్యూయార్క్ పార్కుల్లో వాయిస్తూ తేలాడు. ఆ వారం పేపర్లలో కోనిట్జ్‌కి పెద్ద వ్యాసాలు వచ్చాయి, రావాలి కూడా. మిగతా ఇద్దరికీ వచ్చినవాటిలో ఎక్కువ భాగం మాయమైపోవడం గురించే. అందుకే సైడ్‌బీ గారి ప్రశ్న నచ్చింది.

లోగన్ 1964 క్వార్టెట్ రికార్డు కూడా వినండి. డాన్ పుల్లెన్ పియానో, ఎడ్డీ గోమెజ్ బేస్, మిల్ఫోర్డ్ గ్రేవ్స్ డ్రమ్స్. నెమ్మదైన పియానిస్టు బిల్ ఎవాన్స్ పక్కన వాయించిన గోమెజేనా అని నోరెళ్లబెడతారు.

సైడ్‌బీ

చాలా దొరికింది, నెలకి సరిపడా. రోలిన్స్ 1959 విన్నాను, @రెండోసెట్ గారు గెలిచారు. కెన్నీ క్లార్క్ ఉన్న సెట్‌లో ముగ్గురూ ఎంత వేగం పెంచినా బేస్ స్వరం ఒక్కటి కూడా చిన్నబోలేదు, ప్రతి మీటూ పూర్తి సైజులో ఉంది. అది విని తిరిగి ‘ది కాల్’ పెడితే ఆ ముద్దలోంచి ఆయన వేళ్లు నిజంగానే దొరికాయి. పెర్రీ రాబిన్సన్ క్లారినెట్ పై స్థాయికి వెళ్లినప్పుడల్లా బేస్ కూడా పైకి వచ్చి పక్కనే నిలబడుతోంది, మొదటిసారి విన్నప్పుడు అది రెండో క్లారినెట్ అనుకున్నంత దగ్గరగా! వాన్‌గార్డ్ ఆర్డర్ పెట్టాను. ‘సోలో’ ప్రస్తుతానికి వద్దులెండి.

చివరిగా ఒక సందేహం. సాక్సోఫోనిస్టు స్టీవ్ లేసీ ‘స్కూల్ డేస్’లో కూడా గ్రైమ్స్ ఉన్నాడని చూసి అదీ తెచ్చుకున్నాను, అన్నీ మంక్ ట్యూన్లే. కొన్ని పాటల్లో ఎంత చెవి పెట్టినా బేస్ వినపడటం లేదు. ఇదీ ‘ది కాల్’ లాంటి రికార్డింగ్ సమస్యేనా?

పాతటేపులు

కాదు, మీ చెవి బాగానే ఉంది. అందులో రెండు పాటలకి గ్రైమ్స్ లేడు, లేసీ, రాస్‌వెల్ రడ్ (ట్రాంబోన్), డెనిస్ చార్ల్స్ (డ్రమ్స్) ముగ్గురే వాయించారు. మిగతావాటిలో ఉన్నాడు. 1963లో ఒక కాఫీ హౌస్‌లో కవి పాల్ హెయిన్స్ చేసిన టేపు అది, బయటికి వచ్చింది 1975లో, కాబట్టి వాన్ గెల్డర్ సౌండ్ ఆశించకండి. ట్రాంబోన్ ఆగిన చోటల్లా బేస్ పైకి తేలుతుంది, అక్కడ పట్టుకోండి.